పీహెచ్‌పీ అనుబంధములు – కంటైనరు పెట్టె

‘తెలుగు’ అను మాటలో అక్షరము లెన్ని? మూడని బడిపిల్లవాడు చెప్పును. ఈ ప్రశ్ననే పీహెచ్‌పీ అను కంప్యూటరు భాషను అడిగినచో అది మూడు విధములుగ బదులు చెప్పగలదు. దానికి పుట్టుకతో వచ్చిన ‘స్ట్ర్‌లెన్’ అను ప్రమేయము 18 అనును. ‘ఎంబీస్ట్రింగ్’ అను అనుబంధమును చేర్చి అడిగిన 6 అనును. ‘ఇంటల్’ అను వేరొక అనుబంధమును చేర్చి అడిగిన 3 అనును. మొదటిది ఆ మాట కంప్యూటరు జ్ఞాపకములో ఆక్రమించిన బైట్ల లెక్క. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. రెండవది త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అను సంకేతముల లెక్క. మూడవది మనము కంటితో చూచి నోటితో పలుకు అక్షరముల లెక్క. బడిపిల్లవానికి తెలిసిన సంగతి ఆ భాషకు స్వతస్సిద్ధముగ తెలియదన్నమాట. బయటినుండి తెచ్చి నేర్పవలెను.

ఇట్లు బయటినుండి తెచ్చి చేర్చు విద్యకే ‘ఎక్స్‌టెన్షన్’ అని పేరు. దీనిని మనము అనుబంధ మందము. లోకమందలి వెబ్‌సైట్లలో అధికభాగము నడచుట పీహెచ్‌పీ మీదనే. తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ కూడ ఆ భాషలో వ్రాసినదే. కావున సర్వరులో ఏ అనుబంధము ఉన్నది, ఏది లేదు, ఉన్నది మేలుకొని యున్నదా నిద్రించుచున్నదా అనునవి చిన్న ప్రశ్నలు కావు. ఈ అనుబంధములు ఎట్లు పుట్టినవో, నేడు ‘కంటైనరు’ అను పెట్టెలో వానిని ఎట్లు అమర్చుచున్నారో తెలిసికొనుట ఈ వ్యాసమున మన పని.

గ్రీన్లాండులో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ 1994 లో సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములు వ్రాసికొనెను. ఇంటర్నెట్టులో తాను ఉంచిన స్వీయ విద్యానుభవ పత్రమును ఎందరు చూచుచున్నారో లెక్కించుటయే వాని పని. 1995 జూనులో వానిని లోకమునకు పంచిపెట్టెను. ‘పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్’ అని ఆనాటి పేరు. భాషను నిర్మింపవలెనను సంకల్పము ఆయనకు మొదట లేదు. ఎవరికి ఏ అవసరము కలిగిన ఆ అవసరమునకు ఒక ప్రమేయము అతుకుచు పోవుటచే అది పెరిగినది. చూరుకు చూరు తగిలించి పెంచిన ఇంటివలె నుండెడిది.

ఆ ఇంటికి ఒక ప్లాను గీచినవారు ఇజ్రాయిలు దేశమున టెక్నియన్ విద్యాసంస్థలో చదువుచున్న ఇద్దరు విద్యార్థులు – ఆండీ గుట్మన్స్, జీవ్ సురాస్కీ. వారు లెర్డార్ఫుతో కలిసి భాషను తిరిగి వ్రాయగా 1998 జూనులో పీహెచ్‌పీ 3 వెలువడెను. అందలి ముఖ్యమైన సూత్ర మిది: భాష యొక్క నడుమ నుండు యంత్రము చిన్నదిగ నుండవలెను, డేటాబేసులతో మాటలాడుట, బొమ్మలు గీయుట, రహస్యలిపి వ్రాయుట మున్నగు విద్యలు విడివిడి భాగములై, కావలసినవారు కావలసినది తగిలించుకొనునట్లు ఉండవలెను. ఈ తలుపు తెరచుటతో ఎందరో ప్రోగ్రామర్లు తమ తమ భాగములను వ్రాసి పంపిరి. పీహెచ్‌పీ 3 విజయమునకు ఇదియే ముఖ్యకారణమని ఆ భాష చరిత్రను వ్రాసినవారే చెప్పుదురు. 2000 మే నెలలో వచ్చిన పీహెచ్‌పీ 4 లో నడిమి యంత్రమునకు ‘జెండ్’ అని పేరిడిరి. జీవ్, ఆండీ అను రెండు పేర్లను కలిపి చేసిన మాట అది.

అనుబంధములను సాధారణముగ సీ భాషలోనే వ్రాయుదురు. ప్రతి అనుబంధము వెనుక తరచుగ మరియొకరు వ్రాసిన లైబ్రరీ ఉండును. బొమ్మలకు ‘జీడీ’ అను అనుబంధ మున్నది. దాని వెనుక పీఎన్‌జీ, జేపెగ్, ఫ్రీటైప్ లైబ్రరీలున్నవి. ‘ఇంటల్’ వెనుక నున్నది ఐసీయూ. ఐబీఎమ్ వారు 1999 లో బహిరంగపరచిన ఈ లైబ్రరీలో లోకమందలి భాషల అకారాది క్రమములు, తేదీలు వ్రాయు పద్ధతులు, అక్షరములను విడదీయు నియమములు నిక్షిప్తమై యున్నవి.

తెలుగు అక్షరజ్ఞానము అనుబంధముగనే నిలిచిపోవుట వెనుక ఒక విఫలప్రయత్నపు కథ యున్నది. 2005 ప్రాంతమున పీహెచ్‌పీ 6 అను కొత్త తరమును ఆరంభించిరి. భాష మొత్తమును యూనీకోడు పునాదిమీద తిరిగి కట్టవలెననియు, ఐసీయూను నడిమి యంత్రములోనే కలిపివేయవలెననియు వారి ఉద్దేశము. అది నెరవేరినచో ‘తెలుగు’ అను మాటను 18 ముక్కలుగ చూచుట నాటితో ఆగియుండెడిది. కాని లోపలి రూపముగ యూటీఎఫ్-16 ను ఎన్నుకొనుటచే జ్ఞాపకము ఎక్కువ పట్టెను, వేగము తగ్గెను, పనిచేయువారును చాలకపోయిరి. 2010 లో ఆ ప్రయత్నమును విరమించిరి. పీహెచ్‌పీ 6 పేరుతో ఏదియు విడుదల కాలేదు. 2015 లో వచ్చినదానికి సరాసరి 7 అని పేరు పెట్టిరి. ఈలోగ 2009 లో పీహెచ్‌పీ 5.3 తోపాటు ‘ఇంటల్’ అనుబంధము పంపిణీలో చేరినది. పెద్దభవనము కట్టలేక ప్రక్కన వేసిన గది అది. ఆంగ్లేతరభాషల వారందరము నేటికిని ఆ గదిలోనే కాపురము చేయుచున్నాము.

అనుబంధమును అమర్చుటలో రెండు పనులున్నవి. వానిని ఒకటిగ భావించుటచేతనే సగము చిక్కులు వచ్చుచున్నవి. మొదటి పని స్థాపించుట. మూలరూపమును తెచ్చి, ‘పీహెచ్‌పైజ్’ అను ప్రోగ్రాముతో దానిని ఈ పీహెచ్‌పీకి సరిపడునట్లు సిద్ధపరచి, ‘కాన్ఫిగర్’ చేసి, కంపైలు చేయగా ‘.ఎస్ఓ’ తోక గల ఒక ఫైలు పుట్టును. దానిని నియమితమైన చోట ఉంచుటతో స్థాపనము ముగిసినది. రెండవ పని ప్రారంభింపజేయుట. ‘పీహెచ్‌పీ.ఐఎన్ఐ’ అను అమరికల పత్రములోగాని, దాని ప్రక్కనుండు చిన్నపత్రములోగాని ‘ఎక్స్‌టెన్షన్ = ఫలానా’ అని ఒక పంక్తి వ్రాసి సర్వరును తిరిగి మొదలుపెట్టవలెను. పీహెచ్‌పీ ఆ పత్రమును చదువునది మేలుకొనునప్పుడు మాత్రమే. ఈ పంక్తి లేనిచో ఫైలు చోటులో నున్నను లేనట్లే. వీణ కొని ఇంటిలో పెట్టెలో ఉంచినంతమాత్రమున సంగీతము రాదు గదా!

ఫైలు నుంచు చోటు పేరు చూచిన తమాషాగ నుండును. పీహెచ్‌పీ 8.3 లో దాని పేరు ‘నో-డీబగ్-నాన్-జెడ్‌టీఎస్-20230831’. చివరి అంకెలు ఏదో గుప్తసంఖ్య యని చాలమంది అనుకొందురు. అది తేదీ: 2023 ఆగస్టు 31. భాష నడిమి యంత్రమునకు, అనుబంధములకు మధ్యనుండు ఒడంబడిక ఆనాటి రూపములో ఉన్నదని భావము. 8.2 లో ఆ సంఖ్య 20220829, 8.4 లో 20240924. ఒక ఒడంబడికకు కట్టిన అనుబంధమును మరియొక దానిలో పెట్టిన పీహెచ్‌పీ నిరాకరించును. పేరులోని ‘నాన్-జెడ్‌టీఎస్’ అనునది తంతువులతో, అనగా థ్రెడ్డులతో, పనిచేయునట్లు కట్టినది కాదని తెలుపును. ఈ విషయమునను రెండును ఒకటే కావలెను. పాతసర్వరునుండి ‘.ఎస్ఓ’ ఫైలును ఎత్తి కొత్తసర్వరులో పడవేయుట ఎందుకు కుదరదో దీనివలన తెలియగలదు.

భాషతోపాటు రాని అనుబంధములకు ‘పెకల్’ అను భాండారము ఏర్పడినది. అందునుండి ఒక ఆజ్ఞతో తెచ్చి కంపైలు చేసికొనవచ్చును. ఐనను ఆ కాలమున మనబోటివారి వెబ్‌సైట్లు నడచెడి తీరు వేరు. ఒకే యంత్రముమీద వందలకొలది ఖాతాదారులుండెడివారు. అందరికి ఒకే పీహెచ్‌పీ, ఒకే అనుబంధముల జాబితా. ఒకరికి కావలసినది మరియొకరికి ముప్పుగ తోచెడిది. వెబ్ పుటయే నడుమ ‘డీఎల్’ అను ప్రమేయముతో అనుబంధమును ఎక్కించుకొను సౌకర్యము కొంతకాలము ఉండెడిది గాని, 5.3 నుండి వెబ్‌సర్వరులలో చాలవరకు దానిని తీసివేసిరి. తీసివేయుట మంచిదే యని నా అభిప్రాయము. ఒకరి పుటకొరకు అందరి సర్వరు రూపము మారుట న్యాయము కాదు.

సొంత యంత్రము గలవారి కష్టము మరియొకటి. మూడేండ్ల క్రిందట ఏ లైబ్రరీ వేసి, ఏ పంక్తి మార్చి సర్వరును నడిపించితిమో వ్రాసిపెట్టుకొన్నవారు అరుదు. ఆ వివరమంతయు నిర్వాహకుని తలలోనే ఉండును. ఆయన ఉద్యోగము మారిన ఆ సర్వరును ముట్టుకొనుటకే భయము. కంటైనరు వచ్చి తీర్చిన ముఖ్యమైన కష్ట మిదియే.

కంటైనరు అను భావము పీహెచ్‌పీ కంటె పాతది. 1979 లో బెల్ ప్రయోగశాలలవారి యునిక్స్ ఏడవ కూర్పులో ‘చ్‌రూట్’ అను సౌకర్యము కలిగినది. దానిచే ఒక ప్రోగ్రామునకు ఒక ఫోల్డరునే లోకమంతయు అని నమ్మింపవచ్చును. 2000 మార్చిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 4.0 లో ‘జైలు’ అను గట్టి ఏర్పాటు చేరినది. దానిని రచించినవాడు డెన్మార్కుకు చెందిన పౌల్-హెన్నింగ్ కాంప్. కోరినవారు వెబ్‌సైట్లకు స్థలము అద్దెకిచ్చు వ్యాపారులు. ఖాతాదారులను ఒకరినుండి ఒకరిని వేరుపరచుటయే వారి అవసరము. ఇంతకు ముందు చెప్పిన వందమంది ఖాతాదారుల చిక్కే దీనికిని మూలమని పాఠకులు గమనింపవచ్చును. లినక్సులో ప్రోగ్రాముల గుంపునకు జ్ఞాపకమును, ప్రాసెసరు కాలమును కొలిచి ఇచ్చు ‘సీగ్రూపు’లను గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006 లో ఆరంభించిరి, 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కూర్పున అవి చేరినవి.

పనిముట్లన్నియు ఉండెను గాని సామాన్యులు వాడదగిన రూపము లేకుండెను. 2013 మార్చిలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో జరిగిన పైథాన్ సమావేశమున సాలొమన్ హైక్స్ అను యువకుడు 5 నిమిషముల ప్రసంగము చేసి ‘డాకర్’ను చూపెను. అప్పటి కాయన సంస్థ పేరు డాట్‌క్లౌడ్. ఇతరుల ప్రోగ్రాములను తమ యంత్రములపై నడిపించియిచ్చుట దాని వృత్తి. కంటైనరును నడుపుటలో డాకర్ కొత్తగ కనిపెట్టినది స్వల్పము. దాని ఘనత వేరొక చోట నున్నది: సర్వరును తయారుచేయు విధమంతయు ‘డాకర్‌ఫైలు’ అను ఒక చిన్నపత్రములో వరుసగ వ్రాయించినది. వంటకపు చీటీ వంటిది అది. ఏ మూలమునుండి మొదలుపెట్టవలెను, ఏ లైబ్రరీ వేయవలెను, ఏ అనుబంధము చేర్చవలెను – అన్నియు అందుండును. ఆ చీటీ ననుసరించి కట్టిన స్థిరరూపమునకు ‘ఇమేజి’ యని పేరు. ఇమేజి నుండి నడుచునదే కంటైనరు. ఒకే మూసనుండి ఎన్ని విగ్రహములనైనను పోయవచ్చునట్లు ఒకే ఇమేజినుండి ఎన్ని కంటైనర్లనైనను లేపవచ్చును.

2014 సెప్టెంబరులో వివిధ భాషలకు డాకర్ వారు అధికారిక ఇమేజీలను ప్రకటించిరి. అందు పీహెచ్‌పీ ఒకటి. ఆ ఇమేజిలో అందరికి కావలసిన కొలదిపాటి అనుబంధములు మాత్రమే ముందుగ కలిసియుండును. ఎంబీస్ట్రింగ్ ఉండును. ఇంటల్ ఉండదు, జీడీ ఉండదు, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుతో మాటలాడునవియు ఉండవు. కొత్తగ నేర్చువారికి మొదట ఎదురగు పొరపాటు సందేశము ఇదియే: డేటాబేసుకు ‘డ్రైవరు దొరకలేదు’ అని. ఇంటి కంప్యూటరులో నడచిన ప్రోగ్రాము పెట్టెలో నడవలేదని వారు ఆశ్చర్యపడుదురు. అడుగనిది పెట్టెలో పెట్టకపోవుటయే ఆ ఇమేజి నియమము.

అడుగు విధము కొరకు ఇమేజి లోపల మూడు చిట్టిప్రోగ్రాములు అమర్చియున్నవి. వాని పేర్లు ‘డాకర్-పీహెచ్‌పీ-ఎక్స్ట్’ అని మొదలై ‘కాన్ఫిగర్’, ‘ఇన్‌స్టాల్’, ‘ఎనేబుల్’ అని ముగియును. భాషతోపాటు వచ్చు అనుబంధముల మూలరూపమంతయు ఇమేజిలో ఒక నొక్కిపెట్టిన మూటగ దాచబడియుండును. ‘ఇన్‌స్టాల్’ను పిలువగానే అది మూట విప్పి, కోరిన అనుబంధపు ఫోల్డరులోనికి పోయి, పీహెచ్‌పైజ్ మొదలు కంపైలు వరకు మనము ముందు చెప్పుకొన్న మెట్లన్నియు ఎక్కి, ఫైలును చోటులో నుంచి, చివర తానే ‘ఎనేబుల్’ను పిలుచును. ఎనేబుల్ చేయునది ఒక పంక్తి గల చిన్నపత్రమును ‘కాన్ఫ్.డీ’ అను ఫోల్డరులో వ్రాయుట మాత్రమే. ఐతే దీనిలో ఒక తెలివి యున్నది. ఎక్స్‌డీబగ్ వంటి కొన్ని అనుబంధములు నడిమి యంత్రమునకే తగులుకొనునవి. వానికి ‘జెండ్_ఎక్స్‌టెన్షన్’ అని వ్రాయవలెను. ఎనేబుల్ ఆ ఫైలులోని పేర్ల పట్టికను వెదకి, అది ఏ జాతిదో తెలిసికొని, తగిన పంక్తి వ్రాయును.

పెకల్ నుండి తెచ్చుకొనువానికి మాత్రము రెండు మెట్లు వేరువేరుగనే ఎక్కవలెను. ‘రెడిస్’ అనుబంధమును పెకల్‌తో స్థాపించి, పిమ్మట ఎనేబుల్‌ను మనమే పిలువవలెను. రెండవది మరచి, స్థాపనము సఫలమైనదను సందేశమును చూచి తృప్తిపడువారు ఎందరో!

ఈ పనులన్నియు డాకర్‌ఫైలులో వ్రాయవలసినవి. నడచుచున్న కంటైనరు లోనికి దూరి అనుబంధము వేసికొను పద్ధతి విద్యార్థులలో విశేషముగ కనబడుచున్నది. అది పనిచేయకపోదు, సర్వరును తిరిగి మొదలుపెట్టిన పనిచేయును. కాని ఆ మార్పు ఆ ఒక్క కంటైనరు పైపొరలోనిది. దానిని తొలగించి ఇమేజినుండి మరియొకటి లేపినంతనే చేసినదంతయు మాయమగును.

దీనికంటె మోసకరమైన మార్గము మరియొకటి. అధికారిక ఇమేజి డెబియన్ లినక్సుపై కట్టబడినది. డెబియన్ భాండారములో పీహెచ్‌పీ అనుబంధములు సిద్ధముగ నుండును. వానినే తెచ్చిన సరిపోవునని ఎవరికైన తోచును. అట్లు చేసినచో వానితోపాటు డెబియన్ వారి పీహెచ్‌పీ కూడ దిగుమతియై, ఒకే పెట్టెలో రెండు పీహెచ్‌పీలు కాపురము చేయును. అనుబంధము ఒకదానికి చేరును. సర్వరు రెండవదానిని నడుపును. ఈ గందరగోళము ఎంతగ పెరిగినదనగా, చివరకు ఆ ప్యాకేజీలను నిషేధించు ఒక పత్రమును ఇమేజిలోనే చేర్చిరి.

జీడీ అనుబంధము ఇంకొక పాఠము. ఇన్‌స్టాల్ చేయుటకు ముందు ఫ్రీటైప్, జేపెగ్, పీఎన్‌జీ లైబ్రరీల అభివృద్ధి ప్యాకేజీలను వేయవలెను. పిమ్మట కాన్ఫిగర్‌ను పిలిచి ఫ్రీటైపు, జేపెగ్ కావలెనని చెప్పవలెను. చెప్పనిచో జీడీ కట్టబడును గాని జేపెగ్ ఫొటోను తెరువలేదు, మన ఖతిలో అక్షరములను బొమ్మమీద వ్రాయలేదు. ఈ చెప్పు మాటలుకూడ 2019 నవంబరులో వచ్చిన 7.4 తో మారినవి. ‘విత్-ఫ్రీటైప్-డిర్’ అని వ్రాయుచోట ‘విత్-ఫ్రీటైప్’ అని వ్రాయవలసి వచ్చినది. పాతచీటీని కొత్త ఇమేజికి వాడినవారు కారణము తెలియక తికమకపడిరి.

ఐనను వీని కష్టము ఒక పూటతో తీరును. ‘ఎంక్రిప్ట్’ కథ అట్టిది కాదు. రహస్యలిపికై అందరు వాడిన ఈ అనుబంధము వెనుకనున్న లైబ్రరీ 2007 తరువాత బాగుచేయు నాథుడు లేక నిలిచిపోయెను. పదేండ్లు వేచి, 2017 నవంబరులో వచ్చిన 7.2 నుండి దానిని భాషనుండి తీసి పెకల్‌కు పంపివైచిరి. డాకర్‌ఫైలు మొదటిపంక్తిలో 7.1 అను అంకెను 7.2 అని మార్చినవారికి, ఎంక్రిప్ట్ మూలము లేనేలేదని ఇమేజి కట్టుటలోనే ఆగిపోయెను. ఆ పంక్తిని కొట్టివేసి ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్’ అనుబంధమునకు మారుదమన్న వారికి అసలు చిక్కు అప్పుడు తెలిసినది. ఎంక్రిప్ట్‌లో ‘రైన్‌డాల్-256’ అను పేరు చూచి అది ఏఈఎస్-256 అని చాలమంది భ్రమించిరి. ఏఈఎస్ ముక్క పరిమాణము ఎల్లప్పుడు 128 బిట్లు. పేరులోని 256 తాళపుచెవి పొడవు. రైన్‌డాల్-256 లో ముక్కయే 256 బిట్లు. రెండును వేరు లిపులు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ రెండవదానిని ఎరుగదు. ఏండ్ల తరబడి అట్లు వ్రాసి దాచిన సమాచారమును పాత అనుబంధముతో విప్పి కొత్తలిపిలో తిరిగి వ్రాయుట తప్ప వేరు దారి లేదు. 2024 నవంబరులో 8.4 వచ్చినప్పుడు ఉత్తరములను చదువు ‘ఐమాప్’ అనుబంధమునకును ఇట్లే దేశాంతరగమనము కలిగినది.

ఇప్పుడు మన అక్షరముల లెక్కకు వత్తము. మీడియావికీ వారి అధికారిక ఇమేజి చీటీని తెరచి చూచిన, ఐసీయూ అభివృద్ధి ప్యాకేజీని తెప్పించుట, ఇన్‌స్టాల్‌తో ఇంటల్, మైఎస్‌క్యూఎల్‌ఐ మున్నగువానిని కట్టించుట కనబడును. చీటీలో ఇంటల్ అను పేరైతే ఉన్నది. అది ఏ నాటి ఐసీయూపై కట్టబడునో ఆ పంక్తి చెప్పదు. అది క్రిందనున్న డెబియన్ కూర్పుపై ఆధారపడును. ‘స్త్రీ’ అను అక్షరమును తీసికొనుడు. పాత నియమముల ప్రకారము ఇది స్, త్, రీ అని 3 ముక్కలు. 2023 లో వచ్చిన యూనీకోడు 15.1 ప్రమాణమున, తెలుగుతో సహా ఆరు భారతీయ లిపులలో పొల్లుచే కూడిన హల్లులను విడదీయరాదను నియమము చేరినది. దాని ప్రకారము స్త్రీ ఒక్కటే అక్షరము. అదే ప్రోగ్రాము, అదే పీహెచ్‌పీ, అదే చీటీ – క్రింది ఐసీయూ పాతదైన 3, కొత్తదైన 1. కవితా శీర్షికను పది అక్షరములకు కుదించి చూపు వెబ్‌పుటలో ఈ భేదము కంటికి కనబడును. క్రింది కూర్పు పేరును కూడ చీటీ మొదటిపంక్తిలో స్పష్టముగ వ్రాయుట మేలని అనుభవజ్ఞులు చెప్పుట ఇందుకే.

2025 జూనులో ‘పై’ అను కొత్త స్థాపక సాధనపు 1.0 కూర్పును పీహెచ్‌పీ ఫౌండేషన్ వెలువరించినది. పెకల్ స్థానమున నిలుచుట దాని లక్ష్యము. అనుబంధముల జాబితాను ఇది ప్యాకేజిస్ట్ అను భాండారమునుండి చదువును. స్థాపించినపిమ్మట ప్రారంభింపజేయు పంక్తినికూడ సాధ్యమైనంతవరకు తానే వ్రాయును. లోపల జరుగునది మాత్రము మునుపటి పీహెచ్‌పైజ్, కాన్ఫిగర్, కంపైలు వరుసయే. తాను డాకర్ అధికారిక ఇమేజిలో నున్నట్లు కనుగొన్నచో, ఆ పంక్తి వ్రాయు పనిని ఆ పాత ‘ఎనేబుల్’ చిట్టిప్రోగ్రామునకే అప్పగించును.